బడిలో ఒకలా, ఇంట్లో ఒకలా: ఆటిజం ఉన్న బాబు ప్రవర్తన విషయంలో ఎవరి మాట నమ్మాలి?

ప్రశ్న: బాబు తండ్రి, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మా బాబు రెండో తరగతి చదువుతున్నాడు. వాడికి ఆటిజం ఉందని నాలుగేళ్ల వయసులో నిర్ధారించారు. మాటలు వచ్చు, చదవగలడు, లెక్కలంటే ఇష్టం. తనకు ఏది ఇబ్బందిగా ఉందో చెప్పడం మాత్రం చేతకాదు. వాడి ప్రవర్తన గురించి బడివాళ్లు చెప్పేదానికీ మేము ఇంట్లో చూసేదానికీ ఎక్కడా పొంతన కుదరడం లేదు. సీట్లో కూర్చోడని, ప్రేయర్ వరుసలో ముందున్న పిల్లలను తోసేస్తాడని, నోట్సు రాయమంటే పెన్సిల్ విసిరికొడతాడని, ఒకసారి పక్క పిల్లవాడి చెయ్యి కొరికాడని క్లాస్ టీచర్ గారు డైరీలో రాసి పంపుతున్నారు. ఇంట్లో వాడు ఎవరి మీదా చెయ్యి చేసుకోడు. మేము పడుతున్న అవస్థలు వేరు: రాత్రి పదకొండు దాటినా నిద్రపోడు, ఆటో రోజూ వచ్చే దారిలో కాకుండా వేరే సందులోంచి వస్తే ఇల్లు చేరేదాకా ఏడుపు ఆపడు, కొత్త చొక్కా తొడిగితే విప్పేదాకా ఊరుకోడు. ఇవి చెబితే టీచర్ గారు "ఏ పిల్లలైనా చేసేవేనండీ" అని తేలిగ్గా తీసుకుంటారు.

కిందటి పీటీఎంలో (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశంలో) ఆవిడ, ఇంట్లో గారాబం ఎక్కువై బడిలో మాట వినడం లేదన్నారు. మా ఆవిడ ఉండబట్టలేక, మీకు చూసుకోవడం చేతకాక మా మీదికి నెడుతున్నారని అనేసింది. ఆ రోజు నుంచి డైరీలో రాతలు తప్ప మాటలు లేవు. ఈలోగా సైకాలజిస్టు గారు ప్రవర్తన సమస్యల ప్రశ్నావళి ఒకటి మాకూ, అదే తరహాది టీచర్ గారికీ ఇచ్చి నింపమన్నారు. దూకుడుకు సంబంధించిన భాగంలో మేము ఇచ్చిన జవాబుల ప్రకారం బాబు మామూలు పరిధిలో ఉన్నాడు, టీచర్ గారి జవాబుల ప్రకారం వెంటనే శ్రద్ధ పెట్టాల్సిన స్థాయిలో ఉన్నాడు. నిద్ర, భయాల దగ్గర మావే ఎక్కువ.

టీచర్ గారు కోపం మీద ఆ ఫారం నింపారని మా అనుమానం. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని సైకాలజిస్టు గారిని అడగడం సబబేనా? ఇద్దరిలో ఎవరు చెప్పేది నిజమో తేల్చుకోవడానికి మార్గం ఏదైనా ఉందా?

సమాధానం 1: స్పెషల్ ఎడ్యుకేటర్, సికింద్రాబాద్

దయచేసి ఆ ఫారాన్ని తీసేయమని అడగకండి. ఆవిడకు కోపం ఉంటే ఉండవచ్చు, కానీ కోపం లేని చోట కూడా ఈ తేడా వస్తుంది. అఖెన్‌బాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1987లో 119 అధ్యయనాలను ఒకచోట చేర్చి, పిల్లల ప్రవర్తన సమస్యలపై పెద్దలు చెప్పేవి ఒకరితో ఒకరివి ఎంతవరకు కలుస్తాయో లెక్కగట్టారు. తల్లీ తండ్రీ లాగా పిల్లవాణ్ని ఒకే చోట చూసేవారి మధ్య పొంతన సగటున 0.60 ఉంటే, తల్లిదండ్రులు, టీచర్ల లాగా వేర్వేరు చోట్ల చూసేవారి మధ్య అది 0.28 మాత్రమే. పూర్తిగా ఏకీభవిస్తే 1 అవుతుంది, బొత్తిగా సంబంధం లేకపోతే సున్నా అవుతుంది, కాబట్టి 0.28 ఎంత తక్కువో మీరే చూడండి. అవి పిల్లలందరి గురించి చేసిన అధ్యయనాలు. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో తర్వాత వచ్చినవి కూడా ఇద్దరి మాటా తక్కువగానో ఓ మోస్తరుగానో మాత్రమే కలుస్తుందని చెబుతున్నాయి.

ఇంట్లో మీరు వాడి కోసం ఎన్ని సర్దుబాట్లు చేశారో ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. మిక్సీ వేసే ముందు చెప్పడం, గిట్టని కూర పళ్లెంలో వడ్డించకపోవడం, వాడి బొమ్మల వరుసను ఎవరూ కదపకుండా చూడడం మీకు అలవాటైపోయి ఉంటుంది. వీటిని నేను గారాబం అనను. ఆటిజం ఉన్న పిల్లలున్న ప్రతి ఇల్లూ బతకడం కోసం నేర్చుకునే పద్ధతులే ఇవి. అయితే వీటి వల్ల కొన్ని పరీక్షలు వాడికి ఇంట్లో ఎదురే కావు. అవన్నీ ప్రేయర్ వరుసలో ఒక్కసారిగా మీద పడతాయి: మైకు గోల, డ్రిల్ మాస్టారి విజిల్, ఎండ, వెనకున్న పిల్లవాడి బ్యాగు వీపుకు తగలడం. శబ్దాలకూ స్పర్శకూ అతిగానో, అతి తక్కువగానో స్పందించడాన్ని 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించే గ్రంథం) ఆటిజం లక్షణాల జాబితాలోనే చేర్చింది. మీరు చెప్పిన కొత్త చొక్కా పేచీ, టీచర్ గారు చెప్పిన తోపులాట, రెండూ ఈ ఒక్క ఇబ్బందికే రెండు రూపాలు కావచ్చు.

కొలిచే పద్ధతిలోనూ తేడా ఉంది. టీచర్ గారు మీ బాబును అదే వయసున్న నలభై మంది పక్కన నిలబెట్టి చూస్తారు, మీరు నిన్నటి వాడితో పోల్చి చూస్తారు. పాఠం ఆగిపోయేలా చేసే ప్రతి పనీ ఆవిడ దృష్టిలో పడుతుంది; ఇంటర్వెల్ అంతా గోడ వారన ఒంటరిగా తిరుగుతూ గడిపే పిల్లవాడు ఎవరికీ అడ్డు రాడు గనుక ఏ డైరీలోకీ ఎక్కడు.

ఇంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది కారణాల గురించి ఇద్దరూ ముందే ఏర్పరచుకునే అభిప్రాయం. ఎదుటివారు చేసిన పని వారి అదుపులోనే ఉందనుకుంటే మనకు కోపం వస్తుందని, అదుపులో లేదనుకుంటే జాలి కలుగుతుందని బెర్నార్డ్ వైనర్ అనే శాస్త్రవేత్త చాలా ఏళ్ల క్రితమే వివరించారు. "కావాలనే చేస్తున్నాడు" అనుకున్న టీచరు శిక్ష దగ్గర ఆగిపోతారు. "ఆటిజం వల్ల చేస్తున్నాడు, ఏం చేయగలం" అనుకున్న తల్లిదండ్రులు జాలి దగ్గర ఆగిపోతారు. ఆ పని ఏ సమయంలో, దేనికి ముందు జరిగింది, దాని తర్వాత వాడికి ఏం దక్కింది, ఏది తప్పిపోయింది అని ఇద్దరిలో ఒక్కరూ అడగరు. పెన్సిల్ సంగతే తీసుకోండి. విసరగానే వాణ్ని వరండాలోకి పంపిస్తున్నారనుకుందాం. రాయడం కష్టమైన పిల్లవాడికి వరండా శిక్ష కాదు, విశ్రాంతి. రేపు మళ్లీ విసురుతాడు. ప్రవర్తనల వెనక సాధారణంగా నాలుగు ప్రయోజనాలు వెతుకుతాము: ఒకరి దృష్టి తన మీద పడడం, కావలసిన వస్తువు దొరకడం, ఇష్టంలేని పని తప్పడం, శరీరానికి ఏదో ఒక ఇంద్రియానుభూతి కలగడం. దీనికి డ్యూరాండ్, క్రిమిన్స్ తయారుచేసిన 16 ప్రశ్నల కొలమానం ఉంది. మీ సైకాలజిస్టు గారి దగ్గర ఉండే అవకాశం ఉంది, అడగండి.

నా దగ్గరికి వచ్చిన ఒక బాబు మూడో పీరియడ్‌లో మాత్రమే కొరికేవాడు. ఆ పీరియడ్‌కు పిల్లలందరినీ స్మార్ట్ క్లాస్ గదికి తీసుకెళ్లేవారు. వాడి క్లాసులో వాడిది గోడ పక్క చివరి సీటు, వెనక ఎవరూ ఉండరు. ఆ గదిలో మధ్య బెంచీ. అక్కడా గోడ పక్కన కూర్చోబెట్టాక కొరకడం చాలావరకు తగ్గిపోయింది. వాడు గోడ సీటులోనే కూర్చుంటాడని టీచరుకు తెలుసు, వెనక నుంచి ఎవరైనా తాకితే ఉలిక్కిపడతాడని తల్లికి తెలుసు. ఆ రెండు సంగతులూ ఒకరికొకరు చెప్పుకోలేదు. ఒక నోటుబుక్కు పెట్టి, ముందు ఏం జరిగింది, బాబు ఏం చేశాడు, తర్వాత ఏమైంది అని మూడు గళ్లు గీసి, బడిలోనూ ఇంట్లోనూ రాయడం మొదలుపెట్టండి.

సమాధానం 2: ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా

పైన మేడమ్ గారు రాసినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, ఆ మూడు గళ్ల నోటుబుక్కు క్లాస్ టీచర్ చేత రాయించడం కాగితం మీద కనిపించినంత సులభం కాదని చెప్పక తప్పదు. నేను రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెబుతాను. మధ్యాహ్న భోజనం లెక్క, హాజరు యాప్, పై నుంచి వచ్చే ఫార్మాట్లు ఉండనే ఉన్నాయి. ఒక పిల్లవాడు పక్కవాణ్ని కొరికిన క్షణంలో నేను చూసేది రక్తం వచ్చిందా లేదా అని. దానికి ముందు ఏం జరిగిందో గుర్తుపెట్టుకునే స్థితిలో ఉండను. సాయంత్రం గేటు దగ్గర నన్ను నిలదీసేది కొరికించుకున్న పిల్లవాడి తల్లి. దూకుడు భాగంలో టీచర్ల స్కోర్లు పెరగడానికి ఈ భయం కూడా ఒక కారణం. దీన్ని ఏ ప్రశ్నావళీ అడగదు.

శిక్షణ సంగతి చెప్పాలంటే, మేము చదువుకున్న రోజుల్లో విలీన విద్య (ప్రత్యేక అవసరాలున్న పిల్లలను అందరితో కలిపి చదివించడం) అంటే ఒక పేపరు. పరీక్ష రాశాం, మరిచిపోయాం. మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంది, అక్కడి ఐఈఆర్‌టీ (విలీన విద్య రిసోర్స్ టీచర్) మేడమ్ వీలైనప్పుడు మా బడికి వస్తారు, ఆవిడ వచ్చిన రోజున ఎన్నో సందేహాలు తీరతాయి. మిగతా రోజులు మావే.

మా బడిలో ఒక బాబు భోజనాల వేళ రోజూ పళ్లెం తోసేసి గ్రౌండ్‌లోకి పరుగెత్తేవాడు. అన్నం మీద అయిష్టమని నేననుకున్నాను, మొండితనమని హెచ్‌ఎం గారన్నారు, ఇంట్లో చక్కగా తింటాడని వాళ్ల అమ్మ వాదించింది. అసలు సంగతి చెప్పింది మాకు వండిపెట్టే అక్క. ముందు బ్యాచ్ పిల్లలు కుళాయి దగ్గర స్టీలు పళ్లాలు ఒకదానిపై ఒకటి పడేసే చప్పుడు మొదలయ్యాకే వాడు లేచిపోతున్నాడని ఆమె గమనించింది. ఇప్పుడు వాడు మొదటి బ్యాచ్‌లో, కుళాయికి దూరంగా కూర్చుని తింటాడు. అందుచేత మీ బడిలో ఆయమ్మను, ఆటో డ్రైవరును కూడా అడగమని నా సలహా. వాళ్లకు ఏ వాదనలోనూ గెలవాల్సిన అవసరం లేదు.

నోటుబుక్కు విషయంలో నేను చెప్పేది ఒకటే. అన్ని ప్రవర్తనలూ, అన్ని పీరియడ్లూ వద్దు. ప్రేయర్ వరుసలో తోయడం ఒక్కటే తీసుకుని, తోశాడా లేదా, తోసినప్పుడు పక్కన ఎవరున్నారు అని మాత్రం రాయమని అడగండి. అంతవరకు ఏ టీచరైనా చేయగలరు. మరొక మాట: మీరు బాబుకు ఆటిజం ఉందని అడ్మిషన్ నాడే చెప్పారనుకుంటున్నాను. చాలామంది చెప్పరు. సీటు ఇవ్వరేమోనన్నది వారి భయం, ఆ భయం ఊరికే పుట్టలేదని నాకూ తెలుసు. కానీ సగం సంవత్సరం గడిచాక ఎవరి నోటి ద్వారానో ఆ సంగతి విన్న టీచరుకు, తనను నమ్మలేదన్న బాధ మిగిలిపోతుంది.

సమాధానం 3: ఒక అమ్మ, న్యూజెర్సీ

మాది మీకు పూర్తిగా తిరగబడిన కథ. మా అమ్మాయి బడిలో బంగారం. ప్రతి కాన్ఫరెన్సులోనూ టీచర్లు "ఇంత నెమ్మదైన పిల్లను చూడలేదు" అనేవారు. బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టగానే బ్యాగు విసిరేసి, తలుపు తన్ని, రాత్రి దాకా ఏడ్చేది. నేను చెప్పింది ఎవరూ నమ్మలేదు. ఇంట్లోనే ఏదో లోపం ఉందన్నట్టు చూశారు. ఇక్కడ అమెరికాలో వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఐడియా అనే చట్టం ఉంది, ప్రవర్తన వెనక కారణాన్ని శాస్త్రీయంగా అంచనా వేసే పద్ధతిని 1997లోనే అందులో చేర్చారు, ఒక విద్యార్థిని పది బడి రోజులకు మించి బయట ఉంచాలంటే ఆ ప్రవర్తనకు వైకల్యమే కారణమా అని విచారించి తీరాలి. ఇంత ఉన్నా, బడిలో ఎవరికీ ఇబ్బంది కలగలేదు గనుక ఆ అంచనా అవసరమే రాలేదన్నారు. గొడవ చేసే పిల్లల గురించి అందరూ సమావేశాలు పెడతారు. లోపల కుమిలిపోయే పిల్లల గురించి, అందులోనూ ఆడపిల్లల గురించి, అడిగేవారే ఉండరు.

వాళ్ల అభిప్రాయం మార్చింది నా ఏడుపు కాదు, లంచ్ బాక్సు. ఉదయం పెట్టిన చపాతీ రోల్ అలాగే తిరిగి వచ్చేది, నీళ్ల సీసా నిండుగా ఉండేది. రోజంతా బాత్‌రూముకు కూడా వెళ్లడం లేదని టీచరే తర్వాత గమనించారు. ఇతర పిల్లలను చూసి వారిలాగే ఉండడానికి ఆ పిల్ల తన బలమంతా ఖర్చు చేసేది. అందుచేత, అన్నగారూ, మీ ఇంట్లో బాబు ప్రశాంతంగా ఉన్నాడంటే అది మీరు సంతోషించాల్సిన విషయమే, మీ పెంపకానికి రుజువుగా మాత్రం టీచరు ముందు పెట్టకండి. నా పెంపకం మీ పెంపకం కన్నా తీసిపోలేదు.

సమాధానం 4: క్లినికల్ సైకాలజిస్టు, విశాఖపట్నం

మొదట ఫారాల గురించి. రెండు స్కోర్లనూ కలిపి సగటు తీయడం, ఎక్కువ ఉన్నదాన్ని మాత్రమే నమ్మడం, రెండూ సరైన పద్ధతులు కావు. ప్రతి ఫారమూ ఒక చోటికి సంబంధించిన సమాచారం. బాబు ఇంట్లో దూకుడుగా లేడన్నది ఎంత నిజమో, బడిలో ఉన్నాడన్నదీ అంత నిజమని తీసుకుని, ఈ రెండు చోట్ల మధ్య ఏం మారుతోందో చూడడమే మా పని.

మీ ప్రశ్నలో ఇంతవరకు ఎవరూ పట్టుకోని ఒక సంగతి ఉంది. మీరు చెప్పిన జాబితాను, టీచర్ గారు చెప్పిన జాబితాను ఒకే గడియారం మీద పెట్టి చూడండి. రాత్రి పదకొండు దాటాక నిద్రపోయి, తెల్లవారి ఆరింటికి లేచి, ఎనిమిది గంటల ప్రాంతంలో ప్రేయర్‌లో నిలబడే ఏడెనిమిదేళ్ల పిల్లవాడు నిద్ర చాలని పిల్లవాడు. ఆ వయసుకు తొమ్మిది గంటలకు తక్కువ కాకుండా నిద్ర ఉండాలి. మీరు రాసిన నిద్ర సమస్య, ఆవిడ రాసిన తోపులాట ఒకే గొలుసులో రెండు కొసలు అయి ఉండడానికి అవకాశం ఉంది. ఏ రాత్రి ఎప్పుడు పడుకున్నాడో మీరు రాయండి, ఏ ఉదయం తోశాడో ఆవిడ రాస్తారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే సంబంధం ఉందో లేదో కొన్ని వారాల్లో తెలుస్తుంది.

రెండోది, శరీరం. ప్రవర్తనలో కొత్తగా మార్పు వచ్చిన ప్రతిసారీ నొప్పి ఉందేమో చూడాలి. రెండో తరగతి వయసంటే పాలపళ్లు ఊడి, శాశ్వత దంతాలు వచ్చే కాలం. చిగుళ్లు సలుపుతున్న పిల్లవాడు పెన్సిలో, చొక్కా కాలరో, పక్కవాడి చెయ్యో కొరకవచ్చు. ఆటిజం ఉన్న పిల్లల్లో మలబద్ధకం తరచుగా కనిపిస్తుంది. చెవిపోటు, పుచ్చిపళ్లు కూడా చూపించండి. కాసేపు శూన్యంలోకి చూస్తూ పిలిచినా పలకకపోవడం వంటివి ఉంటే మూర్ఛ ఉందేమో పిల్లల న్యూరాలజిస్టు చూడాలి. ఇవన్నీ తేలకుండా ప్రవర్తనకు మందులు వాడడానికి తొందరపడవద్దు.

మూడోది, చట్టం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు పొందే, లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు ఆ పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలి. గోడ పక్క సీటు, వరుసలో చివరి స్థానం, రాత పనిలో సగం నోటితో చెప్పించుకోవడం వంటివి అందులోకి వస్తాయి. అయితే వీటిని మొదటి రోజే టీచర్ గారి ముందు పెడితే ఆవిడ ప్రిన్సిపాల్ గారి వెనక్కి వెళ్లిపోతారు. అడిగి, లిఖితపూర్వకంగా అడిగి, కాదన్నప్పుడు వాడవలసినవి ఇవి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నిన్న బడి ఆయమ్మతో మాట్లాడాను. ప్రేయర్ అయిపోయి వరుసలు మెట్ల వైపు తిరిగేటప్పుడే వాడు తోస్తున్నాడని, గ్రౌండ్‌లో నిలబడినంతసేపూ చెవులు మూసుకుని మాత్రమే ఉంటాడని చెప్పింది. డైరీలో ఆ మాట ఎక్కడా లేదు. పళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, నిద్ర సమయాలు రాయడం కూడా మొదలుపెట్టాం. ఇక మిగిలింది టీచర్ గారు. పీటీఎంలో జరిగిన గొడవ తర్వాత ఆవిడతో మాట ఎలా కలపాలో, మా ఆవిడను తీసుకెళ్లాలో వద్దో తెలియడం లేదు. ఖమ్మం టీచర్ గారు ఏమంటారు?

సమాధానం 5: ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా

మరో పీటీఎం వచ్చేదాకా ఆగవద్దు. ఆ రోజు ఆవిడ చుట్టూ ఇతర తల్లిదండ్రులు ఉంటారు, అందరి ముందూ ఎవరూ వెనక్కి తగ్గరు. బడి వదిలాక పది నిమిషాలు సమయం కావాలని డైరీలో రాసి, మామూలు పనిదినాన వెళ్లండి. మీ శ్రీమతి గారిని తప్పకుండా తీసుకెళ్లండి. ఆవిడ రాకపోతే, ఆవిడకు ఇంకా కోపం తగ్గలేదని టీచర్ గారు అనుకుంటారు. కూర్చోగానే ఆయమ్మ చెప్పిన మాట ఎత్తవద్దు, తన వెనక ఆరా తీశారని నొచ్చుకుంటారు. ముందుగా మీరు రాస్తున్న నిద్ర సమయాల కాగితం టీచర్ గారి చేతికివ్వండి. వాడు రాత్రిళ్లు పడే అవస్థ ఆవిడకు తెలియదు. తర్వాత, బడిలో వాడు హాయిగా ఉండే సమయం ఏదైనా ఉందా అని అడగండి. ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగరు; అడిగితే చెప్పడానికి మా దగ్గర చాలా ఉంటుంది. లెక్కల పీరియడ్ అని ఆవిడ అంటారని నా ఊహ.

ఆ తర్వాత అడగవలసింది ఒక్కటే అడగండి: మెట్లు ఎక్కేటప్పుడు బాబును వరుసలో అందరికంటే చివర, ఆయమ్మ పక్కన, కాస్త ఎడంగా నడిపించగలరా అని. రెండు వారాలు చూసి చెప్పమనండి. నోట్సు, పెన్సిల్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ఆవిడ ఒప్పుకుంటే, ఒప్పుకున్న విషయాన్ని మర్యాదగా రెండు వాక్యాల్లో డైరీలో రాయండి, ఎందుకంటే ప్రేయర్ దగ్గర డ్యూటీ రోజుకొక టీచరుది ఉంటుంది, మిగతావాళ్లకు చూపించడానికి ఆవిడ చేతిలో ఏదో ఒకటి ఉండాలి.